ప్రోసైక్లింగ్‌స్టాట్స్: రేసుల చిట్టాగా బేషుగ్గా ఉంది, కథ మాత్రం వేరే చోట వెతుక్కోవాలి

రోడ్ సైక్లింగ్ అభిమాని ఏ దేశంలో ఉన్నా ఒకటే తలనొప్పి: పోయిన ఏడాది రేసు వచ్చిన చానల్లోనే ఈ ఏడాదీ వస్తుందన్న భరోసా లేదు. బ్రిటన్‌లో 2025 ఫిబ్రవరి ఆఖరున యూరోస్పోర్ట్ మూతపడి, రేసులన్నీ టీఎన్‌టీ స్పోర్ట్స్ ప్యాకేజీలోకి వెళ్లిపోయాయి. నెలకు 6.99 పౌండ్లతో సరిపోయేది కాస్తా 30.99 అయి కూర్చుంది. అమెరికాలో టూర్ ద ఫ్రాన్స్‌కి ఒక యాప్, మిగతా రేసులకు ఇంకో రెండు మూడు. ఈ గందరగోళంలో నిలకడగా దొరికేది ప్రోసైక్లింగ్‌స్టాట్స్. అభిమానులు పీసీఎస్ అని పిలిచే ఈ డచ్ సైట్‌లో ఫలితాలు, స్టార్ట్‌లిస్టులు (రేసులో దిగేవాళ్ల జాబితాలు), రైడర్ల పాత రికార్డులు చూడటానికి పైసా కట్టక్కర్లేదు. ప్రకటనలు భరించాలి, అంతే.

తీర్పు ముందే చెప్పేస్తే: రేసు మొదలవకముందు ఏం జరగొచ్చో అంచనా వేయడానికి, అయిపోయాక ఎవరెక్కడ ఉన్నారో తేల్చుకోవడానికి దీన్ని మించింది లేదు. మధ్యలో అలా ఎందుకు జరిగిందన్నది మాత్రం ఇందులో దొరకదు. ఆ తేడా తెలియకుండా పీసీఎస్ అంకెలు పట్టుకుని వాదనకు దిగేవాళ్లే ఎక్కువ.

ముందుగా రేసు పేజీ. కొత్తవాళ్లు అందులో పాల్గొనేవాళ్ల పేర్లు చూసి వదిలేస్తారు. అసలు సరుకు దాని పక్కన ఉండే సమాచారంలో ఉంటుంది: మొత్తం దూరం, ఎక్కాల్సిన ఎత్తు మీటర్లలో, రూటు రకం చెప్పే చిన్న బొమ్మ, ప్రొఫైల్‌స్కోర్ అనే అంకె. బొమ్మలు ఐదు రకాలు. పూర్తిగా చదును, గుట్టలున్నా ముగింపు చదును, గుట్టలతో పాటు ఎత్తు మీద ముగింపు, పర్వతాలున్నా ముగింపు చదును, పర్వతాలతో పాటు శిఖరం మీద ముగింపు. ఈ ఐదింటిని గుర్తుపట్టడం వస్తే, ఇరవై ఒక్క స్టేజీల (రోజుకొకటి) టూర్ ద ఫ్రాన్స్‌లో స్ప్రింటర్ల (చదును ముగింపులో వేగంగా దూసుకెళ్లేవాళ్ల) రోజులు ఏవో, జీసీ రైడర్లు (అన్ని స్టేజీల టైమ్ కలిపి మొత్తం రేసు గెలవాలని చూసేవాళ్లు) కొట్టుకునే రోజులు ఏవో రెండు నిమిషాల్లో విడదీసుకోవచ్చు.

ప్రొఫైల్‌స్కోర్ దగ్గర కాస్త ఆగాలి, ఎక్కువమంది తప్పుగా చదివేది దీన్నే. లెక్క ఇలా ఉంటుంది. ఒక్కో క్లైంబ్‌కి (ఎక్కాల్సిన కొండదారికి) సగటు వాలు శాతాన్ని రెండుతో భాగించి, వచ్చినదాన్ని వర్గం చేసి, క్లైంబ్ పొడవు కిలోమీటర్లతో గుణిస్తారు. ఆ క్లైంబ్ ఫినిష్ లైనుకు దూరంగా ఉన్నకొద్దీ దాని విలువ తగ్గించి లెక్కలో వేస్తారు. ఫ్రాన్స్‌లోని ఆల్ప్ దుయెజ్ క్లైంబ్ 13.8 కిలోమీటర్లు, సగటు వాలు 8.1 శాతం. 4.05 వర్గం సుమారు 16.4, దాన్ని 13.8తో గుణిస్తే 226. బెల్జియంలో హుయ్ గోడ అని పిలిచే క్లైంబ్ 1.3 కిలోమీటర్లే, కానీ వాలు 9.6 శాతం కాబట్టి 30 వస్తుంది. ఇటలీ వన్‌డే రేసు మిలాన్–సాన్ రెమో తేలే పోజియో క్లైంబ్ 3.7 కిలోమీటర్లు, వాలు కూడా 3.7 శాతమే, లెక్క వేస్తే 13 దాటదు. పొడవులో హుయ్‌కి మూడింతలున్న పోజియోకి సగం మార్కులు కూడా రాలేదంటే, వాలును వర్గం చేయడం వల్లే. రైడర్ కాళ్లకు తెలిసే నిజం కూడా అదే: 4 శాతం వాలులో గుంపు నీడన దాక్కోవచ్చు, 9 శాతంలో వేగం పడిపోయి గాలి చాటు పనికిరాదు, ఎవరి బరువు వాళ్లే మోసుకోవాలి.

ఇంతవరకూ బాగుంది. కానీ ఈ స్కోరుకు తెలిసింది ఎత్తు ఒక్కటే. రాళ్ల రోడ్డు, మట్టి, అడ్డగాలి, ఇరుకు సందులు దీని లెక్కలోకి రావు. 2025 పారిస్–రూబే వన్‌డే రేసు 259.2 కిలోమీటర్లు, అందులో 55.3 కిలోమీటర్లు రాళ్లు పరిచిన దారి, మొత్తం 30 సెక్టార్లుగా (ముక్కలుగా). ఎత్తులు లేవు కాబట్టి స్కోరు చూసినవాడు దాన్ని స్ప్రింటర్ల రేసు అనుకుంటాడు. అక్కడ మాథ్యూ వాన్ డెర్ పూల్ వరసగా మూడోసారి ఒంటరిగా వచ్చి గెలిచాడు, మధ్యలో పడిపోయిన పొగాచర్ రెండో స్థానంలో వచ్చాడు.

అంతకన్నా మంచి ఉదాహరణ అదే ఏడాది టూర్ మొదటి స్టేజీ, లీల్. బొమ్మ చదును రోడ్డుది, స్కోరు నామమాత్రం. చివరి ఇరవై కిలోమీటర్లలోపు అడ్డగాలికి పెలొటాన్ (ప్రధాన గుంపు) చీలిపోయింది. మొత్తం టూర్ గెలవాలని వచ్చినవాళ్లలో పొగాచర్, వింగెగార్డ్ ముందు ముక్కలో ఉన్నారు. ఎవెనెపూల్, రోగ్లిచ్ వెనక ముక్కలో ఉండిపోయి 39 సెకన్లు పోగొట్టుకున్నారు. కాబట్టి చదును స్టేజీ అయితే స్కోరు పక్కన పెట్టి మ్యాపు తెరవండి. ఆఖరి 50 కిలోమీటర్లలో రోడ్డు ఏ దిక్కుకు తిరుగుతుందో చూసి, ఆ ఊరి వాతావరణ సమాచారంలో గాలి దిశతో పోల్చండి. గాలి పక్క నుంచి కొడుతూ, రోడ్డుకు రెండు వైపులా చెట్లో ఇళ్లో లేకపోతే ఆ రోజు టీవీ వదలకూడదు. ఈ పని పీసీఎస్ మీ తరఫున చేసిపెట్టదు.

స్టార్ట్‌లిస్టు పేజీ ఉపయోగం గురించి చెప్పక్కర్లేదు, దాని బలహీనత గురించి చెప్పాలి. రేసుకు వారాల ముందు అందులో కనిపించే పేర్లు తాత్కాలికం. జట్టు ప్రకటనలు, రైడర్లు ఇంటర్వ్యూల్లో చెప్పిన మాటలు కలిపి తయారయ్యే జాబితా అది. జలుబు, కింద పడటం, జట్టు మనసు మార్చుకోవడం వల్ల చివరి రెండు రోజుల్లో పేర్లు మారిపోతుంటాయి. ఫాంటసీ గేమ్ ఆడేవాళ్లు బిబ్ నంబర్లు (జెర్సీ మీద అంటించే నంబర్లు) వచ్చేదాకా డబ్బులు గానీ పాయింట్లు గానీ పెట్టొద్దు. నంబర్లు పడ్డాయంటే జాబితా దాదాపు ఖరారైనట్టే. ఆ నంబర్లలోనూ సమాచారం ఉంది: గ్రాండ్ టూర్లలో (మూడు వారాల రేసుల్లో) జట్టుకు 8 మంది, వన్‌డే రేసుల్లో ఎక్కువగా 7 మంది. చివర 1 ఉన్న నంబరు (11, 21, 31) సాధారణంగా జట్టు నాయకుడిది. ఇద్దరు నాయకులున్నామని చెప్పుకునే జట్టులో ఆ నంబరు ఎవరికి పడిందో చూస్తే, లోపల పెద్దపీట ఎవరికో కొంత తెలుస్తుంది.

రైడర్ పేజీలో ఎత్తు, బరువు కూడా ఇస్తారు. దయచేసి వాటితో కిలోకి ఎన్ని వాట్లో లెక్క కట్టొద్దు. సీజన్‌లో రైడర్ బరువు మారుతూనే ఉంటుంది. పేజీలో ఉన్నది ఎప్పటిదో, ఎవరు చెప్పిందో అక్కడ రాసి ఉండదు. రెండు కిలోల తేడా వస్తే 65 కిలోల మనిషి విషయంలో లెక్క 3 శాతం తప్పుతుంది. పెద్ద క్లైంబ్ మీద గెలుపోటములు తేలేది దాదాపు అంత తేడాతోనే.

ఇక ఫలితాల పట్టిక. చూడటానికి సులువే గానీ కొన్ని గుర్తులు తెలియాలి. టైమ్ గడిలో రెండు కామాలు కనిపిస్తే పై రైడర్‌కిచ్చిన టైమే ఇతనికీ ఇచ్చారని అర్థం. డీఎన్ఎస్ అంటే ఆ రోజు బయల్దేరలేదు, డీఎన్ఎఫ్ అంటే దారిలో ఆగిపోయాడు, డీఎస్‌క్యూ అంటే తీసేశారు. ఓటీఎల్ అంటే ముగించాడు గానీ టైమ్ కట్ దాటిపోయింది. విజేత వేగం, స్టేజీ కష్టం బట్టి విజేత టైమ్‌కి కొంత శాతం కలిపి గడువు పెడతారు. 2018 టూర్ 11వ స్టేజీ, లా రోజియేర్ శిఖరం మీద ముగిసిన రోజు, కావెండిష్, కిటెల్ లాంటి స్ప్రింటర్ల పేర్ల పక్కన ఉన్నది ఓటీఎల్. పట్టిక పై పది పేర్లే చూసి మూసేసేవాళ్లకు ఆ రోజు అసలు వార్త కనిపించదు. పర్వతాల రోజున పట్టిక అడుగుదాకా వెళ్లండి.

కొత్తవాళ్లు ఎప్పుడూ అడిగే సందేహం ఒకటుంది: ఫినిష్ దగ్గర 80 మంది బారుగా వచ్చారు, అందరికీ ఒకే టైమ్ ఎలా? గుంపుగా వచ్చినవాళ్లకు ఒకే టైమ్ ఇస్తారు. బంచ్ స్ప్రింట్ (గుంపంతా కలిసి ఆఖర్లో దూసుకెళ్లడం) ఖాయమనుకున్న స్టేజీల్లో రెండు గుంపుల మధ్య ఎడం 3 సెకన్లు ఉంటేనే విడిగా లెక్కిస్తారు, మిగతా రోజుల్లో 1 సెకను చాలు. అలాంటి చదును స్టేజీల్లో చివరి 3 కిలోమీటర్లలో పడిపోయినా, టైరు పంక్చరైనా, తను ఏ గుంపులో ఉన్నాడో ఆ గుంపు టైమే దక్కుతుంది. కొన్ని స్టేజీలకు ఈ హద్దును 5 కిలోమీటర్లకు పెంచుతున్నారు. శిఖరం మీద ముగిసే స్టేజీలకు ఇది వర్తించదు. పట్టికలో నెత్తురోడుతూ నడుచుకుంటూ వచ్చిన రైడర్‌కి కూడా విజేత టైమే కనిపిస్తే కారణం ఇదే. పీసీఎస్ తప్పు కాదు.

ఇప్పుడు ఈ సైట్ ఎక్కడ చేతులెత్తేస్తుందో చూడండి. 2025 జీరో ద ఇటాలియా (ఇటలీ గ్రాండ్ టూర్) 20వ స్టేజీ, వెర్రేస్ నుంచి సెస్త్రియేర్. ఆ ఉదయం గులాబీ జెర్సీ (మొత్తం టైమ్‌లో ముందున్నవాడిది) ఇసాక్ డెల్ టోరోది, కరపాస్ 43 సెకన్లు వెనక, సైమన్ యేట్స్ 1 నిమిషం 21 సెకన్లు వెనక. పట్టిక ప్రకారం స్టేజీ క్రిస్ హార్పర్‌ది, యేట్స్ 1:57 తేడాతో మూడో స్థానం, డెల్ టోరో, కరపాస్ యేట్స్ కన్నా ఇంకో 5 నిమిషాలకు పైగా వెనక. మొత్తం జీరోని యేట్స్ 3:56 తేడాతో గెలిచాడు. అంకెలన్నీ కరెక్టే. కానీ వాటిని బట్టి యేట్స్ ఆ ఇద్దరికన్నా అంత బలవంతుడని తేల్చేస్తే పొరపాటు.

జరిగింది వేరు. కొల్లె దెల్లే ఫినెస్త్రే 18.5 కిలోమీటర్లు, సగటు 9.2 శాతం, పైభాగం మట్టి రోడ్డు. పీసీఎస్ సూత్రంలో ఒక్క ఆ క్లైంబే 391 వస్తుంది. యేట్స్ అక్కడ ముందుకు పోయాక, డెల్ టోరో, కరపాస్ ఒకరినొకరు కాపలా కాస్తూ ఉండిపోయారు. తను లాగితే లాభం ఎదుటివాడికి పోతుందన్న భయం ఇద్దరిదీ. ఈలోపు ముందు బ్రేక్‌అవేలో (గుంపు నుంచి విడిపోయి ముందుకెళ్లిన కొద్దిమందిలో) వెళ్లిన యేట్స్ సహచరుడు వౌట్ వాన్ ఆర్ట్ క్లైంబ్ దాటాక ఆగి, యేట్స్ కోసం ఎదురుచూసి, లోయలో తన వెనక పెట్టుకుని లాక్కెళ్లాడు. చదునులో ఒంటరి క్లైంబర్‌కి, ముందు వాన్ ఆర్ట్ ఉన్న క్లైంబర్‌కి తేడా నిమిషాల్లో ఉంటుంది. పట్టికలో వాన్ ఆర్ట్ పేరు యేట్స్ వెనక ఉంటుంది. ఆ రోజు జీరో గెలిపించినవాళ్లలో అతనొకడని ఏ గడీ చెప్పదు.

అయినా ఇక్కడే పీసీఎస్ ఒక మంచి పని చేస్తుంది. యేట్స్ పేజీలో 2018 జీరోకి వెళ్లండి. అదే ఫినెస్త్రే మీద క్రిస్ ఫ్రూమ్ 80 కిలోమీటర్ల ఒంటరి దాడి చేసిన రోజు, గులాబీ జెర్సీలో ఉన్న యేట్స్ 38 నిమిషాలకు పైగా నష్టపోయాడు. రెండు పేజీలు పక్కపక్కన తెరిస్తే, ఏడేళ్ల తర్వాత ఆ కొండ మీదే గెలవడం ఎందుకంత పెద్ద వార్త అయిందో అర్థమవుతుంది. పాత ఫలితాలను ఇంత త్వరగా తవ్వి తీయగలగడం ఈ సర్వీసు అసలు బలం.

2025 వుయెల్టాలోనూ (స్పెయిన్ గ్రాండ్ టూర్) ఇలాగే. 11వ స్టేజీ బిల్బావోకి విజేత లేడు. మాడ్రిడ్ చివరి స్టేజీ మధ్యలో ఆగిపోయింది. ఇజ్రాయెల్–ప్రీమియర్ టెక్ జట్టు పాల్గొనడానికి వ్యతిరేకంగా జరిగిన పాలస్తీనా అనుకూల నిరసనల వల్ల అలా అయింది. బిల్బావోలో ఫినిష్‌కి 3 కిలోమీటర్ల ముందే టైమ్‌లు తీసుకున్నారు. పట్టిక చూసి ఇదంతా ఊహించడం ఎవరి తరమూ కాదు, వార్తలు చదవాల్సిందే.

వార్తల విషయానికి వస్తే ఎవరిది ఎవరికి చెందిందో గుర్తుపెట్టుకోవాలి. ఫ్రెంచ్ పత్రిక లెకిప్, టూర్ నిర్వహించే ఏఎస్‌ఓ రెండూ అమోరీ గ్రూపువే. గజెట్టా డెల్లో స్పోర్ట్, జీరో నిర్వాహకులు ఆర్‌సీఎస్ స్పోర్ట్ ఒకే సంస్థ గొడుగు కింద ఉన్నాయి. అందుకని అబద్ధాలు రాస్తాయని కాదు; రూటు ఎలా ఉందన్న విషయంలో మాత్రం వాళ్ల ఉత్సాహానికి కొంత తరుగు తీసి చదవాలి. ఇంగ్లిష్‌లో సైక్లింగ్‌న్యూస్ 1995 నుంచి ఉంది, రోజువారీ వార్తలకు అది చాలు. జట్టు వ్యూహం, సైకిళ్ల సాంకేతికత మీద లోతైన వ్యాసాలకు ఎస్కేప్ కలెక్టివ్ బాగుంటుంది. సైక్లింగ్‌టిప్స్ నుంచి బయటికొచ్చినవాళ్లు 2023లో మొదలుపెట్టారు, చందాదారుల డబ్బుతో నడుస్తుంది. క్యాలెండర్‌లో ఉన్న ప్రతి రేసూ చూసేవాళ్లకే ఆ చందా గిట్టుబాటు. జూలైలో మూడు వారాలు మాత్రమే చూసేవాళ్లకు అనవసరం. స్టార్ట్‌లిస్టును ఇంకో చోట సరిచూసుకోవాలంటే ఫస్ట్‌సైక్లింగ్ ఉంది, అదీ ఉచితమే.

పాయింట్ల దగ్గర మరో తికమక. సైట్‌లో పీసీఎస్ పాయింట్లు వేరు, యూసీఐ (అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య) పాయింట్లు వేరు. మొదటివి సైట్ సొంత లెక్క, సరదాగా పోల్చుకోవడానికి పనికొస్తాయి. జట్ల బతుకు తేల్చేవి రెండోవి. మూడేళ్లకోసారి లెక్క తీసి, పై 18 జట్లకు వరల్డ్‌టూర్ (అన్నిటికన్నా పై స్థాయి) లైసెన్సుకు అర్హత ఇస్తారు. 2022 చివర లోటో సూడాల్, ఇజ్రాయెల్–ప్రీమియర్ టెక్ అలాగే కింది మెట్టుకు జారాయి. 2023 నుంచి జట్టులో ఎక్కువ పాయింట్లు తెచ్చిన 20 మంది రైడర్లవి కలుపుతున్నారు. ఇప్పుడు 2025 పాయింట్ల పట్టిక చూడండి: టూర్ గెలిస్తే 1300, టూర్‌లో ఒక స్టేజీకి 210, మాన్యుమెంట్‌కి (ఐదు పెద్ద వన్‌డే రేసుల్లో ఒకదానికి) 800. ఎవరూ పట్టించుకోని 1.1 తరగతి వన్‌డే రేసు గెలిస్తే 125. అలాంటివి రెండు గెలిస్తే టూర్ స్టేజీ కన్నా ఎక్కువ. చాలా వెనకబడి 2025 సీజన్ మొదలుపెట్టిన అస్తానా, చిన్న రేసుల్లో రెండో స్థానం, నాలుగో స్థానం, ఆరో స్థానం అన్నట్టు ఏరుకుంటూ గట్టెక్కింది. ఐదో స్థానం కోసం ఒక రైడర్ ఎందుకంత ప్రాణం పెట్టి స్ప్రింట్ చేస్తున్నాడో అర్థం కాకపోతే, పీసీఎస్‌లో జట్ల మూడేళ్ల పట్టిక తెరవండి.

రేసు పేరు పక్కన తరగతి గుర్తు చదవడం కూడా ఈ సందర్భంలోనే నేర్చుకోవాలి. మొదటి అంకె 1 అయితే వన్‌డే, 2 అయితే స్టేజీ రేసు. తర్వాతది స్థాయి: యూడబ్ల్యూటీ (వరల్డ్‌టూర్), ప్రో, 1, 2 వరసగా పై నుంచి కిందికి. 2026 జనవరిలో జరిగిన పూణె గ్రాండ్ టూర్ 2.2, అంటే కింది మెట్టు స్టేజీ రేసు. ఈ గుర్తు చూడకుండా ‘ఇతను ఇరవై గెలిచాడు, అతను పదే’ అని వాదించడం దండగ. ఆ ఇరవైలో 2.2 స్టేజీలు ఎన్నో, జాతీయ చాంపియన్‌షిప్‌లు ఎన్నో విడదీస్తేనే పోలికకు అర్థం.

టైమ్ విషయంలో ఒక హెచ్చరిక. సైట్‌లో వేళలు మధ్య యూరప్ ప్రకారం ఉంటాయి. వేసవిలో మనకు మూడున్నర గంటలు కలపాలి. సాయంత్రం 5:30కి ముగిసే టూర్ స్టేజీ ఇక్కడ రాత్రి 9కి. మార్చి చివరి ఆదివారం దాకా అయితే నాలుగున్నర గంటలు. అమెరికా తూర్పు తీరంలో ఉన్న మనవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. మామూలుగా తేడా 6 గంటలు. కానీ అమెరికాలో గడియారాలు మార్చి రెండో ఆదివారమే ముందుకు జరుగుతాయి, యూరప్‌లో నెలాఖరుకు. ఆ మధ్య తేడా 5 గంటలే. మిలాన్–సాన్ రెమో సరిగ్గా ఆ సందులోనే పడుతుంది. పాత లెక్కతో కూర్చుంటే గంట ముందే టీవీ పెట్టి పోజియో కోసం ఎదురుచూసినట్టవుతుంది. సెప్టెంబరులో కెబెక్, మాంట్రియల్ రేసులు మనకు అర్ధరాత్రి దాటాకే తేలతాయి.

లైవ్ పేజీని మాత్రం ఓ కంట కనిపెట్టండి, నమ్మి కూర్చోవద్దు. గ్యాప్‌లు జీపీఎస్ ఆధారంగా వచ్చే రోజుల్లో సొరంగాలు, దట్టమైన అడవి, కొండ మలుపుల దగ్గర అంకె ఎగిరెగిరి పడుతుంది. 2:10 ఉన్నది ఒక్కసారిగా 1:15 అయితే దాడి జరిగిందనుకోకుండా ఇంకో నిమిషం ఆగండి. టూర్ వరకూ అయితే నిర్వాహకుల అధికారిక యాప్ ఇంతకన్నా నయం.

రోజూ వాడాలంటే ఈ క్రమం చాలు: ముందు రోజు రాత్రి రూటు బొమ్మ, ఆఖరి రెండు క్లైంబ్‌ల పొడవు, వాలు, రేసు రోజు పొద్దున స్టార్ట్‌లిస్టులో ఎవరు తగ్గారో, రేసయ్యాక పట్టికలో ‘ఎలా గెలిచాడు’ అన్న గడి, జీసీ తేడాలు, అడుగున డీఎన్ఎఫ్‌లు. ఆ తర్వాతే వార్త చదవండి. అంకెలు ముందు తెలిస్తే, విలేఖరి ఎక్కడ ఉప్పూకారం ఎక్కువ వేశాడో తేలిగ్గా పట్టుకోవచ్చు.

ఆఫీసు అయ్యాక రీప్లే చూసుకునేవాళ్లు మాత్రం హోమ్ పేజీ జోలికి పోవద్దు, ఆ రోజు విజేత పేరు పైనే పెద్దగా ఉంటుంది. సీజన్ మొదట్లోనే మీకు కావలసిన రేసుల స్టార్ట్‌లిస్టు పేజీలను నేరుగా బుక్‌మార్క్ చేసి పెట్టుకోండి. రైడర్ పేజీ తెరిచినా ఆ రోజు స్థానం మొదటి వరసలోనే కనబడుతుంది, కాబట్టి రీప్లే అయ్యేదాకా వాటినీ ముట్టుకోకండి.